నైరుతి మూల నీడ

ధనుర్మాసంలో ఏదో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు విజయవాడలో ఒక డాబా ఎక్కండి. ఎండ హాయిగా ఉంటుంది. ఆకాశంలో మబ్బు తునక కనబడదు. సోలార్ ప్యానెళ్లకు ఇంతకన్నా మంచి రోజు ఉండదనిపిస్తుంది. ఇప్పుడు నైరుతి మూలన ఉన్న నీళ్ల ట్యాంకును, దాని నీడను చూడండి. ఆ నీడ తిన్నగా ఈశాన్యానికి, డాబా నడుమ చాప పరిచినట్టు పడి ఉంటుంది.

మన ఊళ్లలో ఇల్లు కట్టేవాళ్లు వాస్తు ప్రకారం బరువు నైరుతిలో పెడతారు. చాలా ఇళ్లలో మెట్ల గది ఆ వైపే ఉంటుంది, దాని నెత్తిన ట్యాంకు కూర్చుంటుంది. ఈశాన్యాన్ని ఖాళీగా వదులుతారు. సోలార్ పెట్టడానికి కొలతలు తీసుకోవడానికి వచ్చిన కుర్రాళ్లకు ఆ ఖాళీ జాగా ముచ్చటగా కనిపిస్తుంది. ప్యానెళ్లన్నీ అక్కడే గీసుకుని వెళ్లిపోతారు. కానీ డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం మూడింటికి విజయవాడ ఆకాశంలో సూర్యుడు ఉండేది దాదాపు కచ్చితంగా నైరుతిలోనే, దిగంతం నుంచి 30 డిగ్రీల ఎత్తున. అంత ఎత్తులో ఉన్న సూర్యుడు ఏ వస్తువుకైనా దాని ఎత్తుకు 1.7 రెట్ల నీడ వేస్తాడు. ట్యాంకు పై అంచు ప్యానెళ్ల కన్నా 12 అడుగులు ఎత్తున ఉంటే నీడ 20 అడుగులు సాగుతుంది. 30 అడుగుల వెడల్పున్న డాబాలో ఇక మిగిలేది ఎంత?

కొలతలు తీసుకున్నది మే నెలలో అయితే ఈ నీడ ఎవరి కంటా పడదు. విజయవాడలో మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు మనకు ఉత్తరంగా వెళతాడు కనుక మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. అంటే ఇవాళ డాబా మీద కనిపించే నీడ ఏడాది మొత్తానికి సాక్ష్యం కాదు. టేపు, దిక్సూచి, ఊరి అక్షాంశం చేతిలో ఉంటే ఏ నెల ఏ గంటకు నీడ ఎక్కడిదాకా వస్తుందో కాగితం మీదే గీయవచ్చు. పంచాంగం రాసేవాళ్లు వందల ఏళ్లుగా వేస్తున్న లెక్కల తరహాదే ఇదీ.

నేను ఇంతవరకు చూసిన సోలార్ కొటేషన్లలో ఎక్కువవాటిలో ఈ బొమ్మ లేదు. ప్యానెల్ బ్రాండు, ఇన్వర్టర్ బ్రాండు, కిలోవాట్లు, ధర, సబ్సిడీ, అడుగున సంతకం ఉన్నాయి. ఇంటివారు కూడా నాలుగు కొటేషన్లు పక్కపక్కన పెట్టి ధరలే పోల్చుకుంటారు. వాళ్లు నిజానికి కొంటున్నది పాతికేళ్లపాటు తమ డాబా మీద పడే ఎండ నుంచి వచ్చే యూనిట్లను. ఏడాదికి ఎన్ని యూనిట్లు, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది అన్న రెండు ప్రశ్నలకు జవాబివ్వడమే ప్రపోజల్‌కు అసలు పని. తక్కినవన్నీ దాని తరువాతే.

నీడ గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, ప్యానెల్‌లో పదో వంతు నీడలో ఉంటే పదో వంతే నష్టమని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ఇప్పుడు ఇళ్ల మీద పెడుతున్న 550 వాట్ల ప్యానెల్‌లో సాధారణంగా 144 సగం సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్ ఇచ్చేది అర వోల్టుకు కాస్త పైన. అందుకే వాటిని ఒకదాని వెనుక ఒకటిగా కలుపుతారు. ఒకే దారిలో కలిపిన సెల్స్ అన్నిటి గుండా ఒకే కరెంటు పారాలి. డెల్టా కాలువలో ఒకచోట గుర్రపుడెక్క పేరుకుంటే ఆ పైనుంచి ఎంత నీళ్లు వదిలినా కింది చేలకు అందేది ఆ ఇరుకులోంచి దూరిన నీళ్లే కదా. ఇక్కడా అంతే. నీడలో ఉన్న సెల్ ఎంత కరెంటు పోనిస్తే ఆ వరసంతా అంతకు దిగిపోతుంది. పైగా మిగతా సెల్స్ తోసే కరెంటు ఆ నీడపడ్డ సెల్‌ను వేడెక్కిస్తుంది. అక్కడ మచ్చలా కాలిన గుర్తు పడవచ్చు.

దీనికి విరుగుడుగా ప్యానెల్ వెనుక పెట్టెలో మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి. నీడపడిన భాగాన్ని వదిలేసి కరెంటు పక్కదారి పట్టేలా ఇవి చూస్తాయి. సెల్ బతుకుతుంది కానీ ప్యానెల్‌లో మూడో వంతు ఆ పూటకు లేనట్టే. సెల్స్‌ను సగానికి కోసిన ప్యానెళ్లలో పై సగం, కింది సగం వేర్వేరు దారులుగా ఉంటాయి కాబట్టి, పిట్టగోడ నీడ కింది సగం మీదే పడితే పై సగం పని చేస్తూనే ఉంటుంది. అందుకే ప్యానెల్‌ను నిలువుగా పెట్టాలా, అడ్డంగా పెట్టాలా అన్నది నీడ ఎటునుంచి వస్తుందో చూసి తేల్చుకోవలసిన విషయం. డాబా మీద నీడ తప్పనిసరి అయినప్పుడు ఒక్కో ప్యానెల్‌కు ఒక్కో మైక్రో ఇన్వర్టర్ లేదా ఆప్టిమైజర్ పెట్టి ఒకదాని నష్టం ఇంకొకదానికి అంటకుండా చూస్తారు. ఖర్చు పెరుగుతుంది. చాలా ఇళ్లలో అంతకన్నా చవకైన మార్గం ఉంటుంది. ట్యాంకును అలాగే ఉంచి, నీడ తగలని దక్షిణ అంచుకు రెండు ప్యానెళ్లు జరిపితే సరిపోతుంది.

నీడ తరువాత వేడి. చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునేది దీన్నే.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. అంత ఎండ కాసినప్పుడు సోలార్ దంచి కొడుతుందని ఎవరైనా అనుకుంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి దానికి శత్రువు. ఎందుకో చెప్పాలంటే సెల్ లోపలికి వెళ్లాలి. సిలికాన్ అణువుల మధ్య కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్‌ను విడిపించాలంటే సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అవసరం. ఎండలోని పరారుణ కాంతిలో కొంత భాగానికి అంత శక్తి ఉండదు. అది కరెంటు పుట్టించలేదు. నీలి కాంతికి అవసరానికి మించి ఉంటుంది. ఆ మిగులంతా వేడిగా మారుతుంది. ఈ కారణంగానే ఒకే రకం పదార్థంతో చేసిన సెల్ ఎంత గొప్పదైనా ఎండలో మూడో వంతుకు మించి కరెంటుగా మార్చలేదని షాక్లీ, క్వైసర్ 1961లో లెక్క తేల్చారు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ చేసి చూపిన తొలి సిలికాన్ సెల్ సామర్థ్యం 6 శాతం. ఇవాళ మన డాబాల మీదికొస్తున్న ప్యానెళ్లు 21, 22 శాతం దగ్గర ఉన్నాయి. తక్కిన ఎండలో ఎక్కువ భాగం ప్యానెల్‌లోనే వేడిగా నిలుస్తుంది.

ప్యానెల్ మీద రాసి ఉన్న 550 వాట్లు ప్రయోగశాలలో కొలిచినవి. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగు, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం విజయవాడలో నీడలోనే 42 డిగ్రీలు ఉంటే, ఎండలో పరిచిన ప్యానెల్ లోపల సెల్ 70 డిగ్రీలు దాటుతుంది. లెక్క ప్రకారం 73 వస్తుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకీ పాత తరహా పెర్క్ ప్యానెళ్లు సుమారు 0.35 శాతం కోల్పోతాయి. 48 డిగ్రీలకు దాదాపు 17 శాతం. 550 వాట్ల ప్యానెల్ ఆ పూట 457 వాట్లది అయిపోతుంది. కొత్తగా వస్తున్న టాప్‌కాన్ రకంలో ఈ నష్టం డిగ్రీకి 0.3 శాతం దగ్గర ఉంటుంది, అదే ఎండలో 470 వాట్లు నిలుస్తాయి. మన ఊళ్లకు ఈ చిన్న తేడా విలువైనది. కొటేషన్‌లో బ్రాండు పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో, ఈ ఉష్ణోగ్రత గుణకం అంత పెద్ద అక్షరాల్లో ఉంటే బాగుంటుంది. ఫిబ్రవరి చివర గాలి ఆడుతున్న నిర్మలమైన మధ్యాహ్నం ఇన్వర్టర్ తెర మీద కనిపించే వాట్లు రోహిణిలో కనిపించకపోతే ప్యానెల్ చెడిపోయిందని కంగారు పడనక్కరలేదు. ఆ మాట ముందే కాగితం మీద రాసి ఉంటే ఎండాకాలంలో ఫోన్లు తగ్గుతాయి.

వేడిని తగ్గించే మందు గాలే. ప్యానెల్‌కు, కప్పుకు మధ్య గాలి ఆడే జాగా ఉండాలి. రేకుల కప్పుకు అతుక్కుపోయేలా బిగించిన ప్యానెళ్లు మరింత వేడెక్కుతాయి.

ఇక అసలు అంకెకు వద్దాం. విజయవాడలో ఒక ఇల్లు అనుకుందాం. 550 వాట్ల ప్యానెళ్లు ఆరు, మొత్తం 3.3 కిలోవాట్లు. ప్యానెల్ పరిమాణం దాదాపు రెండున్నర చదరపు మీటర్లు కాబట్టి ఆరింటికీ 170 చదరపు అడుగులు, మధ్యలో మనిషి నడిచి తుడవడానికి జాగా కలిపితే 300 చదరపు అడుగులు. దక్షిణానికి వాలు. వాలు కోణం ఊరి అక్షాంశమంత, అంటే 16 డిగ్రీల చుట్టుపక్కల పెడతారు. 10 డిగ్రీలకు తగ్గించినా పోయేది స్వల్పమే. మరీ బల్లపరుపుగా పెడితే మాత్రం వాన నీళ్లు దుమ్మును కడుక్కుపోలేవు.

చదరపు మీటరు మీద రోజుకు సగటున 5.2 యూనిట్ల ఎండ పడుతుందనుకుందాం. ఎవరి ఊరికి ఎంత అన్నది నాసా పవర్‌లోనూ, ఐరోపా కమిషన్ వారి పీవీజీఐఎస్‌లోనూ అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి ఉచితంగానే తెలుసుకోవచ్చు. నష్టాలేవీ లేకపోతే 3.3ను 5.2తో గుణించి రోజుకు 17.2 యూనిట్లు. ఇక కోతలు మొదలు. ఏడాది సగటున వేడికి 10 శాతం. దుమ్ముకు 4. అద్దం మీద చెదిరిపోయే వెలుగుకు 3. ఇన్వర్టర్‌లో 3. తీగల్లో 2. ప్యానెళ్ల మధ్య ఉండే చిన్న తేడాలకు 2. ఇవన్నీ ఒకదాని మీద ఒకటిగా గుణిస్తే 17.2 కాస్తా 13.4 అవుతుంది. నైరుతి ట్యాంకు నీడకు 6 శాతం తీస్తే 12.6. ఏడాదికి 4,600 యూనిట్లు, నెలకు సగటున 383.

ఈ కోతల పట్టిక కొటేషన్‌లో ఉంటే ఇంటివారు దాన్ని వేలుపెట్టి అడగగలరు. మా వీధి చివర అపార్ట్‌మెంటు కడుతున్నారు, దుమ్ముకు 4 శాతం చాలదు కదా అనగలరు. నెలకు రెండుసార్లు మేమే తుడుచుకుంటాం, కొంచెం తగ్గించండి అనగలరు. బోరు నీళ్లతో కడిగితే తెల్లటి ఉప్పు పొర అద్దం మీద నిలుస్తుందని, మిట్టమధ్యాహ్నం కాలే అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉందని, తెల్లవారుజామునే కడగాలని చెప్పడానికి అదే సందర్భం. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయన్న వాడుక లెక్క తప్పేమీ కాదు. మన ఉదాహరణలో అది 13.2 ఇస్తుంది, నీడ లేని డాబాకు అది దగ్గరే. అయితే అది సగటు డాబా లెక్క. సగటు డాబా అనేది ఎక్కడా ఉండదు.

కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు 2017లో 1000 మెగావాట్లతో గని, శకునాల గ్రామాల దగ్గర నిలబడింది. అంత పెద్ద ప్లాంట్లకు అప్పిచ్చే బ్యాంకులు ఒక్క అంకెతో ఊరుకోవు. సగం ఏళ్లు దాటే ఉత్పత్తి ఎంత, పదేళ్లలో తొమ్మిదేళ్లు దాటే ఉత్పత్తి ఎంత అని రెండు అంకెలు అడుగుతాయి. మొదటిదాన్ని పి-50 అంటారు, రెండోదాన్ని పి-90. వానాకాలం ఒక ఏడు ఎక్కువ మబ్బు పట్టవచ్చు, ఒక ఏడు తక్కువ. రెండు లక్షలు పెట్టే కుటుంబానికి కూడా ఆ రెండో అంకె తెలిసే హక్కు ఉంది. మన ఇంటికి 4,600 మొదటిదైతే, రెండోది 4,200 అనుకోవచ్చు. ఈఎంఐ కట్టబోయేవాళ్లు చూసుకోవలసింది 4,200నే. నెలవారీ పట్టిక కూడా ఉండాలి. మార్చిలో వచ్చినన్ని యూనిట్లు జులైలో రావు. ఆ సంగతి ముందుగా తెలియని ఇంటివారు మొదటి వానాకాలానికే మోసపోయామని అనుకుంటారు.

ఇప్పుడు కరెంటు బిల్లు. కొలతల కన్నా ముందు అడగవలసింది నిజానికి ఇదే, పన్నెండు నెలల బిల్లులు. ఒక్క మే బిల్లు చూసి సైజు చెప్పేవారికి ఏసీ మాత్రమే కనిపిస్తుంది.

2024-25 టారిఫ్ ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికి యూనిట్ల చార్జీ 2,548 రూపాయలు. నెట్ మీటరు వచ్చాక డాబా ఇచ్చినవి పోను మిగిలిన యూనిట్లకే బిల్లు. కాబట్టి సోలార్ ముందుగా తొలగించేది అన్నిటికన్నా ఖరీదైన పై శ్లాబును. ఆ తరువాత ఒక్కో మెట్టూ దిగుతుంది. దిగేకొద్దీ సోలార్ యూనిట్ ఆదా చేసే డబ్బు తగ్గిపోతుంది.

అదే ఇంట్లో నాలుగు ప్యానెళ్లే పెడితే నెలకు 256 యూనిట్లు వస్తాయి. బిల్లుకు మిగిలేవి 144, చార్జీ 531 రూపాయలు. ఆదా 2,017. యూనిట్‌కు 7.90 దాకా కలిసొచ్చినట్టు. ఆరు పెడితే 383 వస్తాయి, మిగిలేవి 17, చార్జీ 32 రూపాయలు, ఆదా 2,516. అంటే చివరి రెండు ప్యానెళ్లు ఇచ్చిన 127 యూనిట్లకు అదనంగా దక్కింది 499 రూపాయలు, యూనిట్‌కు నాలుగు రూపాయలు కూడా లేదు. పది ప్యానెళ్లు పెడితే ఇంటికి అక్కరలేనివి గ్రిడ్‌కు పోతాయి. ఆ మిగులుకు కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) ఇచ్చే ధర మనం కొనే పై శ్లాబు ధర కన్నా చాలా తక్కువ.

ఖర్చు వైపు చూద్దాం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడో కిలోవాటుకు 18,000, అంతటితో సరి. మూడైనా ఐదైనా 78,000 రూపాయలే. దేశీయంగా తయారైన సెల్స్, ప్యానెళ్లకే ఈ సబ్సిడీ వర్తిస్తుంది. నాలుగు ప్యానెళ్ల కొటేషన్ 1,40,000, ఆరింటిది 2,00,000 అనుకుందాం. సబ్సిడీ (2.2 కిలోవాట్లకు 63,600, 3.3కు 78,000) పోను 76,400, 1,22,000. మొదటిది మూడేళ్ల రెండు నెలల్లో, రెండోది నాలుగేళ్లలో తిరిగొస్తుంది. రెండూ మంచి బేరాలే. కానీ ఆ అదనపు 45,600ను విడిగా చూస్తే తిరిగి రావడానికి ఏడున్నరేళ్లు పడుతుంది. వచ్చే ఏడాది ఇంకో ఏసీ పెడతారా, ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటారా, పిల్లలు చదువుకు వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అవుతుందా అన్నదాన్ని బట్టి ఆరా నాలుగా అన్నది తేలుతుంది. అమ్మేవారు ఇది అడిగి తెలుసుకోవాలి. పెద్ద సైజు అమ్మితే తనకు మిగిలేది ఎక్కువైనా సరే, రెండు సైజుల లెక్కా పక్కపక్కన పెట్టి చూపించినవారి కొటేషన్‌నే నేను నమ్ముతాను.

"జీరో బిల్లు" అన్న మాట మాత్రం కాగితం మీద రాయకూడదు. యూనిట్లు సున్నా అయినా ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు ఉంటూనే ఉంటాయి.

కోస్తా జిల్లాల్లో నీడతో సమానంగా నన్ను కలవరపెట్టేది గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని ఏం చేసిందో అక్కడివాళ్లకు చెప్పక్కరలేదు. గాలి భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో విజయవాడకు, విశాఖకు ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు 44 మీటర్లు. ఆ వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. 50కి 1,500. కిలోల్లో చెప్పుకుంటే 150 పైచిలుకు. రెండున్నర చదరపు మీటర్ల ప్యానెల్ మీద దాదాపు 390 కిలోలు. ప్యానెల్ బరువు చూస్తే 28 కిలోలు. ఇది ముతక లెక్క, ప్యానెల్ వాలు, ఎత్తు, డాబా అంచుకు ఎంత దూరం అన్నవాటిని బట్టి మారుతుంది. కానీ ఆరు ప్యానెళ్ల చట్రాన్ని పట్టి ఉంచాల్సింది రెండు టన్నుల పైమాట అని ఇంటివారికి తెలియాలి. గొడుగులోకి గాలి దూరినట్టు వాలు కిందినుంచి గాలి కొడితే ఆ బలం పైకి లాగుతుంది.

మన ఇళ్ల అలవాటు ఒకటి ఇక్కడ అడ్డొస్తుంది. డాబా మనకు ఖాళీ జాగా కాదు. వేసవిలో ఒడియాలు, అప్పడాలు, ఆవకాయకు మిరపకాయలు ఎండేది అక్కడే. కరెంటు పోయిన రాత్రి మంచం వాల్చేదీ అక్కడే. అందుకే చాలామంది పది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ వేయించి కింద జాగా మిగుల్చుకుంటారు. దానివల్ల పిట్టగోడ నీడ పోతుంది, గాలి ఆడి ప్యానెళ్లు చల్లబడతాయి. ఇవి లాభాలు. కానీ పొడుగాటి కాళ్ల మీద గాలి పట్టు మరింత పెరుగుతుంది. అడ్డకట్లు, మందమైన గొట్టాలు, గాల్వనైజింగ్ నాణ్యత, కాంక్రీటు దిమ్మెల బరువు అన్నీ మారాలి. పాత స్లాబుకు రంధ్రాలు వేసి బోల్టులు దించితే రెండో వానాకాలానికి కింది గదిలో చెమ్మ దిగవచ్చు. కొటేషన్‌లో "స్ట్రక్చర్: జీఐ" అని ఒక్క మాట రాసి ఊరుకోవడం ఏ మాత్రం చాలదు. గొట్టం కొలత, మందం, దిమ్మె బరువు, ఎంత గాలికి లెక్క వేశారో రాయాలి. ఊడిపోయిన ప్యానెల్ పడేది తన ఇంటి మీదే కాకపోవచ్చు.

రాయకపోతే తగాదాలు తెచ్చే ఇంకో సంగతి కరెంటు కోత. డాబా మీద ఎండ మండుతుంటే, ఊళ్లో కరెంటు పోగానే సోలార్ కూడా ఆగిపోతుంది. కొన్నవాళ్లు నివ్వెరపోతారు. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు. లైన్ ఆపి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన డాబా నుంచి కరెంటు తగిలితే ప్రాణం పోతుంది. అందుకే గ్రిడ్‌లో వోల్టేజీ కనిపించని మరుక్షణం ఇన్వర్టర్ తనంతట తాను ఆగుతుంది. కోతలప్పుడు ఫ్యాన్లు తిరగాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. దానికి వేరే ధర, వేరే లెక్క.

తక్కినవి క్లుప్తంగానే రాయవచ్చు. సింగిల్ ఫేజా, త్రీ ఫేజా. శాంక్షన్డ్ లోడ్ ఎంత. డీసీ వైపు, ఏసీ వైపు, పిడుగు రక్షణకు విడివిడిగా మూడు ఎర్తింగులు ఎక్కడ తవ్వుతారు. తీగ ఏ గోడ మీదుగా దిగుతుంది. ఆరు ప్యానెళ్లు వరసగా కలిస్తే 300 వోల్టుల డీసీ అవుతుంది. ఏసీ నిప్పురవ్వ క్షణక్షణం సున్నా దాటుతూ తనంతట ఆరే వీలుంది, డీసీకి అది లేదు. కనెక్టర్ సరిగా బిగించకపోతే అక్కడే మంట పుడుతుంది. వారంటీల దగ్గర కాస్త ఆగాలి. 25 ఏళ్ల వారంటీ అని కనిపించేది ప్యానెల్ ఉత్పత్తి సామర్థ్యానికి. 25వ ఏట కూడా మొదటి సామర్థ్యంలో 80 శాతానికి పైన ఇస్తుందన్న మాట అది. ప్యానెల్ తయారీ లోపాలకు వారంటీ అంతకన్నా తక్కువ ఏళ్లు, ఇన్వర్టర్‌కు ఇంకా తక్కువ. పాతికేళ్లలో ఇన్వర్టర్ కనీసం ఒకసారి మార్చాల్సి వస్తుందని లెక్కలో వేసి చూపించాలి.

ప్రపోజల్ ఆఖరి పేజీలో పన్నెండు నెలల పట్టిక ఉండాలని నా కోరిక. ఒక గడిలో అంచనా యూనిట్లు, పక్క గడి ఖాళీ. ఇంటివారు నెల చివర ఇన్వర్టర్ చూసి ఆ ఖాళీ నింపుకుంటారు. మొదటి పేజీలో డాబా బొమ్మ, అందులో డిసెంబరు నీడ అంచు ఒక గీతగా. కొలతలకు వచ్చినవారు అదే గీతను డాబా నేల మీద కూడా గీస్తే మరీ మంచిది. సుద్దముక్కతో గీస్తే తొలి వానకే పోతుంది, రెండు వేళ్ల వెడల్పున పెయింటు వేయాలి. ప్యానెళ్లు ఆ గీత అవతలే బిగుస్తాయి. డిసెంబరు 21న మూడు గంటలకు అటు ఇంటివారూ ఇటు కొటేషన్ రాసినవారూ డాబా ఎక్కి, ట్యాంకు నీడ ఆ పెయింటు దగ్గర ఆగిందో లేదో కలిసి చూసుకోవచ్చు.